దిగువమెట్ట ఆకుల కింద

గిద్దలూరు నుంచి నంద్యాల రోడ్డెక్కితే దిగువమెట్ట దగ్గర నల్లమల మొదలు. మార్చిలో వెళ్లా. టేకు చెట్లు ఆకు రాల్చేసి మోడుల్లా ఉన్నాయి. ఎండిపోలేదు, ఒంట్లో నీళ్లు కాపాడుకుంటున్నాయి.

ఎండుటాకులు కాలితో జరిపి చూశా. రెండు వేళ్ల మందం నల్లమట్టి, కిందంతా రాయి! ఏళ్ల తరబడి ఆకులు కుళ్లితేనే ఆ కాస్తయినా.

నిప్పంటుకుంటే? కాలిన టేకు మొదలు మళ్లీ చిగురిస్తుంది. కొత్తగా మొలిచిన మొక్క బతకదు. ఆకుల కప్పు లేని మట్టి తొలి వానకే జారిపోతుంది. గుండ్లకమ్మ పుట్టేదీ ఈ కొండల్లోనే. అది మోసుకెళ్లే మట్టి కంభం చెరువులో పూడికే.

అందుకే అటవీ సిబ్బంది ఎండలకు ముందే ఆకులు ఊడ్చి ఫైర్ లైన్లు వేస్తారు. మంట అక్కడిదాకా వచ్చి, కాల్చడానికేమీ లేక ఆగుతుంది.

ఇటొస్తే ఫొటోలు ఎన్నైనా తీసుకోండి. అగ్గిపెట్టె మాత్రం బయటికి తీయకండి.