పెట్రోలు వాసన

పంచేంద్రియములలో ముక్కునకు మనమిచ్చు గౌరవము స్వల్పము. కంటితో చూచినదానిని నమ్ముదుము. చెవితో విన్నదానిని విచారింతుము. వాసన విషయమున మాత్రము "ఏదో వాసన" యని ఊరకుందుము. ముక్కు చెప్పిన మాటకును విలువ కలదని నాకు బోధించినది మా యింటి పాత అంబాసిడరు కారు.

ఈ కార్లను హిందుస్తాన్ మోటార్సువారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 2014 వరకు తయారుచేసిరి. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు దీనికి మాతృక. ఒకప్పుడు మంత్రులు, వైద్యులు, టాక్సీవారు అందరును దీనినే వాడెడివారు. మా నాన్నగారు 1978లో కొన్న కారు నేటికిని విజయవాడలో మాయొద్దనే యున్నది. పండుగలకును, పెండ్లిండ్లకును దానిని బయటికి తీయుదుము.

కొన్ని యేండ్ల క్రిందట ఒక వేసవిలో, తెనాలిలో జరుగనున్న బంధువుల పెండ్లికై ఆ కారును సిద్ధము చేయించి, టాంకు నిండ పెట్రోలు పోయించితిమి. మరునాడు తలుపు తెరచినంతనే పెట్రోలు వాసన గుప్పుమనెను. మా పెదనాన్నగారు నవ్వి, "పాత కారన్న తరువాత పెట్రోలు వాసన రాక పన్నీటి వాసన వచ్చునా? బయలుదేరుదము" అనిరి. పొరుగాయన అగరువత్తి వెలిగింపుమని సలహా యిచ్చెను.

అగ్గిపుల్ల గీయుటకు అంతకంటె తగని చోటు లేదు. పెట్రోలు, సున్న డిగ్రీలకు సుమారు 40 డిగ్రీలు దిగువనుండు చలిలో గూడ మండగల ఆవిరిని విడుచును. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. కావున పైకి పోక నేలనంటి ప్రాకి పల్లములలో చేరును. గాలిలో దాని పాలు నూటికి ఒకటిన్నర యైనను ఒక నిప్పురవ్వ చాలును. మా కారుషెడ్డు వంటయింటి గోడను ఆనుకొని యున్నది. పెండ్లికి బస్సులో పోవచ్చుననియు, వాసన పుట్టుచోటు తెలియువరకు ఇంజను కదలరాదనియు నేను పట్టుబట్టితిని. పెదనాన్నగారికి కోపము వచ్చెను. అయినను కారును చేతులతో త్రోసి ఆరుబయట వేపచెట్టు నీడన నిలిపితిమి.

రెండు దినముల పిమ్మట ఆటోనగరునుండి ఒక వృద్ధ మెకానిక్కు వచ్చెను. అతడు పనిముట్లు తీయుటకు ముందే ప్రశ్నలు తీసెను. "వాసన ఎప్పుడు మొదలైనదండీ? బండి నడచునప్పుడా, నిలిచియున్నప్పుడా?"

ఎనిమిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి బదులు చెప్పెను: "టాంకు నింపించిన మరునాటినుండి. రెండు దినములుగా ఇంజను కదలలేదు. వాసన తగ్గలేదు."

"సగము పని నీవే చేసితివమ్మా!" అని అతడు సంతోషించెను.

అయినను ఊహతో తృప్తిపడక అతడు ఒక్కొక్క భాగమును పరీక్షించెను. కార్బ్యురేటరులో పెట్రోలు మట్టమును కాపాడు తేలుడుబుడ్డి యొకటి యుండును. దాని సూది అరిగినచో పెట్రోలు పొంగి పొరలును. అచ్చట తడి లేదు. పంపులోని పలుచని పొర చినిగినచో పెట్రోలు క్రిందికి కారును, లేదా ఇంజను నూనెలో కలియును. నూనె కొలచు కడ్డీని వెలికితీసి వాసన చూచెను. అందును దోషము లేదు. ఇంజను క్రింద పరచిన తెల్ల కాగితమును పొడిగానే యున్నది.

కొంతసేపటికి నాకు వాసన తగ్గినట్లు తోచెను. ఆ మాట చెప్పగా మెకానిక్కు తల అడ్డముగా ఊపెను. "వాసన తగ్గలేదు, మన ముక్కులు అలవాటుపడినవి. అమ్మాయిని దూరముగా పోయి కొంత సేపుండి రమ్మనుడు." ఆమె వీధి చివరివరకు పోయి వచ్చి, కారుచుట్టు తిరిగి, డిక్కీ వద్ద నిలిచి, "ఇచ్చటనే" అనెను.

డిక్కీలోని చాపను తొలగించి చూచితిమి. పెట్రోలు పోయు మూతిని టాంకుతో కలుపు రబ్బరు గొట్టము పైకి చక్కగనే కనబడెను. వ్రేలితో అడుగుభాగము తడవగా ఎండిన చెరువునేలవలె బీటలు తగిలెను. వ్రేలికి తడి అంటెను. టాంకు సగమే యున్నప్పుడు పెట్రోలు అంత ఎత్తునకు రాదు. నిండినప్పుడే ఆ బీటలనుండి ఊరుచుండెను. రబ్బరు వయస్సుతో పెళుసెక్కుట ఒక కారణము. మన దేశమున 2023 నుండి 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు కూడ అమ్మకమునకు వచ్చినది. ఇథనాలును దృష్టిలో నుంచుకొనని పాతకాలపు రబ్బరు దానికి తాళలేదు. కావున ఇథనాలునకు ఓర్చుకొను క్రొత్త గొట్టమును బిగించి, క్రింద తెల్ల కాగితము పరచి ఒక రాత్రి వేచితిమి. తెల్లవారి కాగితము పొడిగా నుండెను, వాసన లేదు. పెదనాన్నగారు ఆ బీటల గొట్టమును చేతిలోనికి తీసికొని చాలసేపు చూచిరి, ఏమియు అనలేదు.

మన వంటయిండ్లలోని గ్యాసునకు స్వతహాగా చెప్పుకొనదగిన వాసన లేదు. కారినప్పుడు జనులు మేలుకొనవలెనని దానిలో ఇథైల్ మెర్కాప్టాన్ అను దుర్గంధద్రవ్యమును బుద్ధిపూర్వకముగా కలుపుదురు. పెట్రోలు ఆ మేలును తనంతట తానే చేయుచున్నది. అయితే ఆ హెచ్చరిక కొద్దిసేపే వినబడును. పిమ్మట ముక్కు మొద్దుబారును, ప్రమాదము మాత్రము అట్లే యుండును. కావున ఇంటిలోనికి క్రొత్తగా అడుగిడినవారు, వారు చిన్నపిల్లలే యైనను, "ఏదో వాసన" యనినప్పుడు, "మాకు రావడము లేదే" అని త్రోసివేయక, లేచి వెదకుట వివేకము.