మంచు విడువని యంత్రం

గోదావరి తీరాన ఉన్న మా బూర్గంపాడులో వేసవి ఎంత తీవ్రంగా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. 2018, 2019 సంవత్సరాలలో రంజాన్ మాసం మే నెలలోనే ఆరంభమైంది. ఆ ఎండలలో రోజా పాటించినవారికి ఇఫ్తార్ వేళ ఒక గ్లాసు చల్లని షర్బత్ ఎంతటి వరమో తెలుసు.

గల్ఫ్‌లో పనిచేసే మా బావగారు తెచ్చిన చిన్న ఐస్ యంత్రం మా ఇంట ఉంది. మసీదులో ఇఫ్తార్ షర్బత్‌కు మంచు పంపే బాధ్యతను 2019లో మేము స్వీకరించాము. సగం ఉపవాసాలు గడిచేసరికి యంత్రం మొరాయించింది. మంచు గడ్డకడుతోంది, కానీ లోపలి లోహపు కడ్డీలను విడిచి కింద పడడం లేదు. మరమ్మతు చేసేవారు వంతెన దాటి భద్రాచలం నుంచి రావాలి. రెండు రోజులు పడుతుందన్నారు.

మా అబ్బాయి కత్తితో పెకలించబోగా అమ్మీజాన్ వారించారు. అది సరైన మాట. కడ్డీలలో శీతలీకరణ వాయువు ప్రవహిస్తుంది. కత్తి మొన తగిలి రంధ్రం పడితే వాయువంతా పోతుంది.

ఈ యంత్రం పనితీరు సులభమే. చల్లని వాయువు వల్ల కడ్డీల చుట్టూ నీరు గడ్డకడుతుంది. తరువాత అదే గొట్టంలోకి వేడి వాయువు వస్తుంది. కడ్డీని అంటుకున్న పలుచని పొర కరిగి మంచు జారిపోతుంది. కడ్డీలు నునుపుగా ఉంటేనే ఇది సాధ్యం. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు క్రమంగా తెల్లని పొరగా పేరుకుంటే, ఆ గరుకుతనాన్ని మంచు పట్టుకొని వదలదు.

ప్లగ్గు తీసి, మంచును దానంతట అదే కరగనిచ్చాము. సమపాళ్లలో నీరు కలిపిన వెనిగర్‌లో మెత్తని గుడ్డ ముంచి కడ్డీలను తుడిచాము. కొంతసేపు ఆగి, మంచినీటితో పలుమార్లు కడిగాము. యంత్రాన్ని సమతలంపై, వెనుక గాలి ఆడేలా గోడకు దూరంగా ఉంచాము. వడపోత యంత్రపు నీరు పోశాము. మొదటి రెండు విడతల మంచును వెనిగర్ వాసన పోయేందుకు పక్కన పెట్టాము. ఆ కరిగిన నీటినీ వృథా చేయక, ఇల్లు తుడవడానికి వాడాము.

అస్ర్ నమాజు వేళకు మంచు ముక్కలు టపటపా రాలసాగాయి. మగ్రిబ్‌కు ముందే మసీదుకు డబ్బా నిండుగా పంపాము. మిగిలినది ఫ్రిజ్ లేని పొరుగిళ్లకు పంచారు అమ్మీజాన్.

నేడు రంజాన్ చలికాలం వైపు జరిగింది గానీ, మా ఎండలు మాత్రం మారలేదు. నెలకొకసారి కడ్డీలను శుభ్రం చేయడం ఇంటి నియమమైంది. దాహంతో ఉన్నవారి గొంతు తడిపే సద్భాగ్యాన్ని అల్లాహ్ మనందరి ఇళ్లకూ ప్రసాదించుగాక! ఆమీన్.