గీతకు ఇవతల

మొన్న వేసవిలో మా మనవడి మోకాలు బెణికిందనుకున్నాం. తీరా చూస్తే లోపల లిగమెంటు తెగిందన్నారు. ఏడాది దాకా బంతి జోలికి పోవద్దని డాక్టరుగారి ఆజ్ఞ. వాడికి పదిహేనేళ్ళు. బడి ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డు. మా కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను పైకి అయ్యో అన్నాను గాని, నిజం చెప్పొద్దూ, లోలోపల సంతోషించాను. ముప్పయ్యేళ్ళు పంతులుద్యోగం చేసిన ప్రాణం కదా! ఇకనైనా వీడు బుద్ధిగా చదువుకుంటాడనుకున్నాను.

చదువు మాట అటుంచి, వాడు మాట్లాడడమే మానేశాడు. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని, సందులో పిల్లలు బంతి తంతుంటే తల తిప్పుకునేవాడు.

"దెబ్బ తగిలింది కాలికి గాని నోటికి కాదు గదరా?" అన్నాను ఒకనాడు.

"ఆడలేనివాడికి ఆటతో పనేమిటి తాతయ్యా?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే రహీంగారు జ్ఞాపకం వచ్చారు.

1962లో నాకు పన్నెండేళ్ళు. మిరప నారు నాటే రోజులు. మా నాన్న రచ్చబండ మీద పేపరు తెరిచి, "ఒరేయ్, మన హైదరాబాదు మాస్టారు జకార్తాలో బంగారు పతకం గెలిపించాడురా!" అని కేకేశాడు. మాస్టారేమిటి, పతకమేమిటి అని నేను తెల్లబోయాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడాడు, బడిలో పాఠాలు చెప్పాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యాడు. ఆ ఏటి నుంచి 1954 దాకా ఆ జట్టు వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన పద్ధతులు చిత్రంగా వుండేవి. బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోకూడదన్న షరతుతో పోటీలు పెట్టేవాడు. అందిన బంతిని వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. మరికొన్ని పోటీల్లో వాటం లేని కాలితోనే తన్నాలి. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో మన జట్టు పదికి ఒక గోలుతో చిత్తయింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956లో, మెల్బోర్న్ ఒలింపిక్సులో అదే రహీం శిక్షణలో నాలుగో స్థానానికి చేరింది.

ఇక జకార్తా సంగతి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోళ్ళతో ఓడాం. తర్వాత థాయిలాండుతో ఆడుతుంటే డిఫెన్సులో ఆడే జర్నైల్ సింగుకు తల పగిలి కుట్లు పడ్డాయి. మరొకరైతే అతన్ని ఇంటిదారి పట్టించేవారు. రహీం అతన్ని ముందు వరసలోకి మార్చాడు. ఫైనల్లో అదే కొరియా మీద 2-1తో గెలిచినప్పుడు, ఆ రెండు గోళ్ళలో ఒకటి జర్నైల్‌ది.

అప్పటికే రహీంను క్యాన్సరు తినేస్తున్నది. మైదానం చుట్టూ గీసిన తెల్లగీతకు ఇవతలే నిలబడి, బంతి ముట్టకుండా గెలిపించాడు. 1963 జూన్‌లో కన్నుమూశాడు.

అదే 1963లో, ఆయన తీర్చిదిద్దిన సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానుకోవలసి వచ్చింది. 1960 రోము ఒలింపిక్సులో హంగరీ మీదా, పెరూ మీదా గోలు కొట్టిన ఫార్వర్డు! ఇంకా ముప్పయ్యేళ్ళయినా నిండలేదు. అయినా ఆటను వదిలిపోలేదు, తరువాత కుర్రాళ్ళకు నేర్పాడు. 2023 ఫిబ్రవరిలో పోయాడు.

తెల్లవారాక ఇదంతా మా వాడికి చెప్పాను. బలరాం సంగతి దగ్గర వాడి ముఖం చిన్నబోయింది. "ఆయనకు ఎంత బాధయి వుంటుందో!" అన్నాడు. కాదని ఎలా అనను? బాధ లేదని బొంకితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఊరుకున్నాను. కాసేపయ్యాక వాడే, "వాటం లేని కాలితో పోటీలా?" అని అడిగాడు.

మూడోనాడు సాయంత్రం సందులోంచి వాడి గొంతు వినిపించింది. "బంతిని ఆపకు! ఇచ్చెయ్! ఎడమ కాలితో, ఎడమ కాలితో!" బయటికి వెళ్ళి చూద్దును గదా, కర్ర ఆనించుకుని గేటు దగ్గర ఒంటికాలి మీద నిలబడి వున్నాడు. వాడికంటే పొట్టివాళ్ళు ఎనమండుగురు ఎడమకాళ్ళతో తడబడుతూ బంతి వెంట పడుతున్నారు. ఒకడు చక్కగా అందించేసరికి మా వాడు నవ్వాడు. నెల రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

లెక్కల పుస్తకం మీద దుమ్ము అలాగే వుంది. చెప్పడానికి నోరు తెరిచాను. కాని, వాడి కాలు బాగులేదన్నప్పుడు నేను సంతోషించిన సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. లోపలికి వెళ్ళి, నా పడక్కుర్చీ తెచ్చి గేటు దగ్గర వేశాను.

"కూర్చుని చెప్పరా మాస్టారూ!" అన్నాను.