పద్దున కెక్కని పని

నలువదియేడవ యేట మరల పలక పట్టితిమన్నచో మీకు నవ్వు రావచ్చును. మా యింట మొట్టమొదట నవ్వినవారు మా అత్తగారే. "మనుమరాలు కాలేజీకి పోవు దినములలో కోడలు పరీక్షకు పోవునట! ఇక ఈ యింట పొయ్యి వెలిగించువారెవరు?" అని వారడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. ఆ ప్రశ్నకును, మేము చేపట్టిన చదువునకును గల చుట్టరికము మాకు తెలియుటకు రెండేండ్లు పట్టినది. ఆ సంగతి మీతో చెప్పుకొనవలెననియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కాపురము హిందూపురమున. పట్టునూలు కొని, ధర్మవరపు మగ్గములకు పంపి, నేసిన చీరలు తెప్పించి అమ్ము నొక వర్తకసంస్థలో ఇరువదిరెండేండ్లుగా లెక్కలు చూచుచున్నాము. హిందూపురమునందలి పట్టుగూళ్ళ అంగడి పేరుగన్నది. మల్బరీ ఆకు మేపి పురుగులను పెంచిన రైతులు గూళ్ళ బస్తాలతో అచటికి వత్తురు. గూటినుండి దారము, దారమునుండి చీర. ఈ దారి యంతయు మా పద్దుల మీదుగనే సాగునని మాకొక గర్వము. ఏ రకపు చీరకు ఎంత పట్టు, ఎంత జరీ, ఎంత కూలి యని నిద్రలో లేపి యడిగినను చెప్పగలమనుకొనుచుంటిమి.

ఇట్లుండగా మాకంటె పదునైదేండ్లు చిన్నవాడైన యువకుడొకడు మాకు పైయధికారిగా వచ్చెను. మేమును దూరవిద్య వలన ఎం.బి.ఏ. పట్టము పొందినవారమే, కాని అతనిది పేరుగల కళాశాల. మేము వ్రాసిన పద్దులను అతడు మాకే వివరించుచుండ వినవలసివచ్చినపుడు మనస్సు చివుక్కుమనెను. 'పేరునకు ముందు డాక్టరను మాట యున్నచో ఇట్లు జరుగునా?' యను తలంపు ఆనాడే పుట్టెను. చదువుపై ప్రేమచేత బయలుదేరితిమని చెప్పుట అబద్ధమగును. బయలుదేరినది రోషముచేతనే.

పాశ్చాత్యదేశములలో వ్యాపార పరిపాలనకు డి.బి.ఏ. యను డాక్టరు పట్టమొకటి కలదు. పీహెచ్.డి. ముఖ్యముగా శాస్త్రమునకు క్రొత్త విషయము చేర్చుటకును, డి.బి.ఏ. ఏండ్ల తరబడి పనిచేసినవారు తమ పనిలోని చిక్కునే శాస్త్రరీతిని పరిశీలించుటకును ఏర్పడినవి. రెండింటికిని స్వంత పరిశోధనయు, సిద్ధాంతవ్యాసమును తప్పవు. ఇది మాబోటివారి కొరకే పుట్టినదని సంతోషించి ఫోనులో విచారింపగా, ఒక కంపెనీవారు మరునాటినుండి మమ్ము విడువలేదు. ఇల్లు కదలనక్కరలేదట, పాఠములన్నియు ఆన్‌లైన్‌లోనేనట, విదేశ విశ్వవిద్యాలయపు పట్టము చేతికి వచ్చునట. ఫీజు మాత్రము లక్షలలో నుండెను. "ఈ వారములోపల చెల్లించినచో తగ్గింపు కలదు" అని తియ్యగా చెప్పిరి. మా గాజులు కుదువ పెట్టుటకు సిద్ధపడితిమి.

ఆ రాత్రి మా అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుండి, "అమ్మా, ఇది చదివి తరువాత గాజులు తీయుము" అని యొక ప్రకటన చూపెను. విదేశసంస్థలతో చేయికలిపి ఇట్టి కంపెనీలు ఆన్‌లైన్‌లో ఇచ్చు పీహెచ్.డి. పట్టములకు గుర్తింపు లేదనియు, చేరకముందే నిబంధనలు చూచుకొనవలెననియు, విశ్వవిద్యాలయ నిధుల సంఘమును, అఖిలభారత సాంకేతిక విద్యామండలియు కలసి 2022 అక్టోబరులోనే హెచ్చరించియుండెను. డి.బి.ఏ. పట్టమునకు ఆ దేశములలో విలువ లేదని మా భావము కాదు. చక్కని విద్యాలయములు దానిని శ్రద్ధగా నేర్పుచున్నవి. అయినను మనము కొనదలచిన పట్టము మన దేశమున చెల్లునా చెల్లదా యని, చీర కొనునపుడు జరీని గీచి చూచినట్లు, ముందుగా చూచుకొనవలెను. అమ్మువాని మాటను నమ్మరాదు.

గాజులు చేతికే మిగిలెను. కోరిక మాత్రము చావలేదు. అదే సంఘమువారు 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనలు చదివితిమి. ఉద్యోగము వదలక, పార్ట్ టైమ్ విద్యార్థిగా పీహెచ్.డి.కి చేరుటకు అందు వీలున్నది. పనిచేయుచోటినుండి 'ఆక్షేపణ లేదు' అను పత్రము తేవలెను. పరిశోధనకు కనీసము 3 ఏండ్లు, హెచ్చుగా 6 ఏండ్లు గడువు. మరల నమోదు చేయించుకొన్నచో ఇంకను 2 ఏండ్లు. స్త్రీలకు ఆపైన మరి 2 ఏండ్లు. ప్రసవమునకును శిశుపోషణకును 240 దినములవరకు సెలవును కలదు. స్త్రీల కిచ్చిన ఆ రెండేండ్లను చూచి, 'మాకీ దయ యేల?' యని ఆనాడు కొంత చిన్నబుచ్చుకొంటిమి. దాని యవసరము ముందు తెలియవచ్చినది.

ఆక్షేపణ లేదను పత్రమును మా యజమానిగారు నాలుగు నెలలు బల్లమీదనే యుంచుకొనిరి. ఇరుగుపొరుగువారు "ఈ వయసున చదువేమి?" అనిరి. అపుడు మాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు జ్ఞప్తికి వచ్చుచుండిరి. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకేగి వచ్చిన పిమ్మట ఆమె విడిచిన చదువును మరల పట్టి, 1942లో న్యాయశాస్త్ర పట్టము పొందెను. చదువు వయస్సు నడుగదు, తీరిక నడుగును. ఆ తీరికయే మన యిండ్లలో దొరకని సరుకు.

తుదకు పత్రము వచ్చెను. ఏపీఆర్‌సెట్ అను ప్రవేశపరీక్ష గట్టెక్కి, అనంతపురమునందలి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున చేరితిమి. అది 1981లో స్థాపింపబడినది. హిందూపురమున రైలెక్కినచో పెనుకొండయు, తరువాత ధర్మవరమును దాటి అనంతపురము చేరవలెను. పరిశోధనా పద్ధతులు, పరిశోధనా నీతి మొదలగు తొలి పాఠములు చాలవరకు ఆ రైలులోనే చదివితిమి.

ధర్మవరపు పట్టుచీర వెల యెట్లు ఏర్పడునో నిరూపింతుమని ముప్పది పుటల ప్రణాళిక వ్రాసికొనిపోయితిమి. మా మార్గదర్శకురాలు దానిని రెండు దినములుంచుకొని, "చక్కగా నున్నది. కాని ఇందున్నదంతయు మీకు ముందే తెలిసినది. మీకు తెలియనిదేది?" అని యడిగిరి. మాకు కోపము వచ్చెను. ఇరువదిరెండేండ్ల అనుభవము గలవారి నిట్లడుగుదురా? రైలు పెనుకొండ చేరువరకును ఉత్తరము వెదకితిమి. ఒక్కటియు దొరకలేదు. అపుడు కోపము పోయి సిగ్గు కలిగెను.

"లెక్కలు చూచితిరి గాని మగ్గములు చూచితిరా?" అని వారు మరియొకసారి యనగా, ధర్మవరమున దిగి నేతవారి యింటికి పోయితిమి. ఆ యింటి మగ్గమునకు మా సంస్థ యెన్నియో యేండ్లుగా నూలు పంపుచున్నది. ఆయన పేరు మేము వందలసార్లు వ్రాసియుందుము. ఇల్లు చూచుట అదియే మొదలు. నడుగదిలో గుంటమగ్గము, పైన జాకార్డు పెట్టె, ప్రక్కనే పొయ్యి. ఒక చీరకు ఎన్నాళ్ళు పట్టునని అడుగగా ఆయన "పండ్రెండు దినములు" అనెను. మా పద్దులోను అంతియే. ఆయన భార్య గడప యొద్ద రాట్నము ముందు కూర్చుండి పేకనూలును కండెలకు చుట్టుచుండెను. "నీకెంత సేపు పట్టునమ్మా?" అని యడిగితిమి. ఆమె నవ్వి, "ఇది పనియా అక్కా? ఇంటిపనియే కదా!" అనెను.

ఆమె కూతురు ఎనిమిదవ తరగతి చదువుచున్నది. ఆ పిల్ల చేతికొక నోటుపుస్తకమిచ్చి, ఒక చీర ముగియువరకు తల్లి మగ్గమునకై చేయు పనిని గంటల లెక్కన వ్రాయుమంటిమి. కండెలు చుట్టుట, తెగిన పోగులతుకుట, క్రొత్త పడుగు వచ్చినపుడు దాని పోగులను పాత పోగులతో ఒక్కొక్కటిగా వ్రేళ్ళతో మెలిపెట్టుట, అంచు నేయునపుడు ప్రక్క నిలిచి సాయపడుట. పండ్రెండు దినములలో మొత్తము 48 గంటలు తేలెను. ఆ చీరకు మా పద్దులో నున్నది ఒకే పేరు, ఒకే కూలి. ఆ 48 గంటలు ఎచటను లేవు. తరువాత పోయిన యిండ్లలోను గంటలు హెచ్చుతగ్గులుగా నుండెనే కాని, ఆడుదాని చేయి లేని మగ్గము మాకు కనబడలేదు.

తిరుగు ప్రయాణమున పెనుకొండలో మా అక్క కూతురు రైలెక్కెను. 1565 తరువాత విజయనగరపు రాజులకు రాజధానియైన ఆ యూరికి సమీపమున, ఎఱ్ఱమంచి యొద్ద, 2019లో తెరువబడిన కియా కార్ల కర్మాగారము కలదు. దానికి విడిభాగములు చేయు చోట ఆమెకు ఉద్యోగము. "పిన్నీ, మాకక్కడ ఒక మర బిగించుటకు ఎన్ని సెకనులో లెక్క యున్నది" అని ఆమె చెప్పెను. ఒకే జిల్లా, ఒకే రైలుదారి. ఒక యూర సెకనులకు లెక్క; మరియొక యూర 48 గంటలకు లెక్క లేదు. ఆ వ్రాయసకాండ్రలో మేమొకరము. మా పరిశోధనకు ప్రశ్న ఆ రైలుపెట్టెలో దొరకెను.

పేరు వ్రాసినంత మాత్రమున కడుపు నిండునా యని మీరడుగవచ్చును. 2019-20లో జరిగిన నాల్గవ చేనేత జనగణనలో దేశమున 35 లక్షలకు పైగా చేనేత పనివారు తేలిరి. వారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలు. 2019 డిసెంబరులో ధర్మవరమునందే ఆరంభమై కొన్నియేండ్లు సాగిన సర్కారు పథకమొకటి, సొంత మగ్గము గల నేత కుటుంబమునకు ఏటికి 24,000 రూపాయలిచ్చెను. సాయమైనను, బ్యాంకు అప్పైనను, గుర్తింపు కార్డైనను, పేరున్నవారికే వచ్చును. పేరు లేనిచో భర్త కన్నుమూసిననాడు ఆమె 'నేను నేతపని దానను' అని నిరూపించుకొనుటకు కాగితము ముక్కయు నుండదు.

ఆ సాయంకాలము ఇంటికి వచ్చి నోటుపుస్తకము బల్లపై నుంచితిమి. మా అత్తగారు చదువు నేర్వలేదు. పిల్ల గీచిన రాట్నపు బొమ్మను చూచి, "కండె ఇట్లు చుట్టిన దారము జారిపోవును" అనిరి. వారి పుట్టినిల్లు ధర్మవరమని మాకు తెలియును. కాని పెండ్లియగువరకు వారు ఏమి చేయుచుండిరో ఇరువదియైదేండ్లలో ఒక్కనాడును అడిగినవారము కాము. ఏడవయేటినుండి పెండ్లివరకు కండెలు చుట్టిరట. ఏ పోగు ఏల తెగునో, తడిగాలికి పట్టు ఎట్లు బిగియునో, సావుకారు తూకమున తరుగు ఎట్లు తీయునో రాత్రి పదునొకండు గంటలవరకు చెప్పిరి. మేము వ్రాసికొంటిమి. మార్గదర్శకుల యెదుట చేసినట్లే వారి యెదుటను నేల కూర్చుండి వ్రాసితిమి.

మరుసటి యేట వారు జబ్బుపడిరి. ఐదు నెలలు చదువు మూలబడెను. ఇరువదిరెండేండ్లు మేము ఉద్యోగమునకు పోగా మా బిడ్డకు అన్నము పెట్టి, జడ వేసి బడికి పంపినది వారే. ఇపుడు వారిని విడిచి పరిశోధన యనుట మాకు సాధ్యము కాలేదు. స్త్రీల కిచ్చిన రెండేండ్ల గడువు దయ కాదనియు, పద్దున కెక్కని పనికి చెల్లవలసిన బాకీలో చిన్నభాగమనియు అపుడు బోధపడెను. ఒకనాడు మంచముమీదనుండి వారు, "నేను చుట్టిన కండెలకు నీ పుస్తకములో పద్దున్నదా?" అని యడిగిరి. "ఉన్నది, అత్తయ్యా" అంటిమి. "పేరుతోనా?" "పేరుతోనే." వారు మరేమియు ననక ప్రక్కకు తిరిగి పడుకొనిరి. ఇపుడు కోలుకొని మరల పొయ్యి యొద్దకు వచ్చినారు, "డాక్టరు పట్టము వచ్చిన పిదపనైన నీ పప్పులో ఉప్పు సరిపడునా?" యని హాస్యమాడుచున్నారు.

పట్టము ఇంకను రాలేదు. సిద్ధాంతవ్యాసము సగమే యైనది. సంస్థలో కూలి పద్దునకు రెండవ పేరు వ్రాయు గడి యొకటి చేర్చుదమని అడిగితిమి. "కూలి యొక్కటే, పేర్లు రెండేల?" అని యజమానిగారు తోసివేసిరి. మా చిన్న యధికారి మాత్రము ఆ నోటుపుస్తకమును ఇంటికి కొనిపోయి, మరునాడు తన తల్లిని గూర్చి చాలసేపు మాటలాడెను. అతనిపై మాకుండిన రోషము ఎపుడు పోయెనో తెలియదు. రెండవ పేరును ప్రస్తుతము మా స్వంత పుస్తకములో వ్రాయుచున్నాము.

అనుభవము గలవారికి చదువెందుకని యడుగువారికి మేము చెప్పగలిగినది ఇంతియే. అనుభవము మనకు లెక్క వ్రాయుట నేర్పును. ఏది వ్రాయక విడిచితిమో చూపదు. దానిని చూచుటకే మరల విద్యార్థులము కావలెను. మీలో ఏండ్ల తరబడి బడియందో, బ్యాంకునందో, ఆసుపత్రియందో, అంగడియందో పనిచేసినవారున్నచో, పట్టము మాట అటుంచి, 'నాకు తెలియనిదేది?' యని ఒక్క సాయంకాలము ప్రశ్నించుకొని చూడుడు. ఉత్తరము కొరకు దూరము పోనక్కరలేకపోవచ్చును. మాకు అది మా వంటయింటిలోనే యుండెను.