ఆలస్యంగా పడినా... అందమైన దెబ్బే!

మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఊరు మెంఫిస్. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రం. ఆ నగరానికి దక్షిణాన మెక్‌లెమోర్ అవెన్యూలో 926 నంబరు భవనం ముందు నిలబడితే పాత సినిమాహాలుకు వచ్చిన భ్రమ కలుగుతుంది. నెత్తిన 'సోల్స్‌విల్ యూఎస్ఏ' అన్న బోర్డు. లోపల గాయకుడు ఐజాక్ హేస్ వాడిన, బంగారు పూత మెరిసే కాడిలాక్ కారు. సందర్శకుల్లో ఎక్కువమంది దాని దగ్గరే ఆగి ఫొటోలు దిగుతారు. పాటలు రికార్డు చేసేవాళ్లు, డ్రమ్స్ వాయించేవాళ్లు మాత్రం వెతుక్కుంటూ వెళ్లేది స్టూడియో గదికి. ఆ గదిలో నేల చదునుగా ఉండదు. వాలుగా ఉంటుంది!

కుర్చీలు పోయి... పాటలు వచ్చాయి

ఇది స్టాక్స్ మ్యూజియం. ఒకప్పుడు ఇక్కడ కేపిటల్ థియేటర్ ఉండేది. పగలు బ్యాంకులో ఉద్యోగం, తీరిక వేళ ఫిడేలు... ఇదీ జిమ్ స్టివార్ట్ జీవితం. 1957లో ఆయన చిన్న రికార్డు కంపెనీ పెట్టాడు. రికార్డింగు యంత్రం కొనడానికి అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ తన ఇల్లు తాకట్టు పెట్టింది. 1960లో ఇద్దరూ ఈ మూతపడ్డ సినిమాహాలును అద్దెకు తీసుకున్నారు. కుర్చీలు పీకించారు. తెర ఉండే వేదిక మీద కంట్రోల్ రూము పెట్టారు. ఒకప్పుడు తినుబండారాలు అమ్మిన చోట ఎస్టెల్ రికార్డుల దుకాణం తెరిచింది. ఇద్దరి ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే 'స్టాక్స్' అయింది. నేలను చదును చేయించలేదు. ఆ వాలు అలాగే ఉండిపోయింది.

అంత పెద్ద హాల్లో వాద్యకారులు దూరదూరంగా కూర్చునేవారు. శబ్దానికి ఒక మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే పది మీటర్ల అవతల ఉన్న గిటారిస్టుకు డ్రమ్ము దెబ్బ 29 మిల్లీసెకన్ల తర్వాత గానీ చేరదు. చెవిలో టిక్కు టిక్కుమని లెక్క చెప్పే క్లిక్ లేని రోజులవి. ఒకరినొకరు చూసుకుంటూ, వింటూ వాయించాల్సిందే. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటినుంచి!

ఆ బృందానికి ఇరుసు ఆల్ జాక్సన్ జూనియర్ అనే డ్రమ్మరు. 'మనిషి రూపంలోని గడియారం' అని తోటివాళ్లు చెప్పుకొనేవారు.

ఒక డ్యాన్సు నేర్పిన తాళం

1965లో గాయకుడు విల్సన్ పికెట్ 'ఇన్ ది మిడ్‌నైట్ అవర్' పాట కోసం ఇక్కడికి వచ్చాడు. న్యూయార్క్ నుంచి వచ్చిన నిర్మాత జెర్రీ వెక్స్‌లర్‌కు తాళం నచ్చలేదు. ఏం కావాలో మాటల్లో చెప్పడం కష్టమై, కంట్రోల్ రూములోంచి బయటికొచ్చి అప్పట్లో కుర్రకారు వేస్తున్న 'జెర్క్' డ్యాన్సు చేసి చూపించాడు. ఆల్ జాక్సన్‌కు, గిటారిస్టు స్టీవ్ క్రాపర్‌కు విషయం అర్థమైంది. నాలుగు లెక్కల్లో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ రవ్వంత ఆగి పడటం మొదలైంది. పాట దానితో కొత్త నడక అందుకుంది. రిథమ్ అండ్ బ్లూస్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

తాళం తప్పడం వేరు. తాళాన్ని పట్టుకుని కాస్త ఆగడం వేరు. కాలప్రమాణం గురించి మన మృదంగ విద్వాంసులను అడిగినా ఈ తేడా చెబుతారు. మరి ఇలాంటి వాయిద్యాన్ని నేటి కంప్యూటరుకు అప్పగిస్తే?

గీతల మీదికి లాగే మంత్రం

పాటల రికార్డింగులో ఇవాళ ఎక్కువగా వినిపించే పేరు ప్రోటూల్స్. 1991లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఇద్దరు మిత్రులు అంతకుముందు కాలిఫోర్నియాలో డ్రమ్ము యంత్రాలకు కొత్త శబ్దాల చిప్పులు అమ్మినవాళ్లే! అందులోని 'బీట్ డిటెక్టివ్' అనే పరికరం పేరుకు తగ్గట్టే పనిచేస్తుంది. శబ్దం ఎక్కడ ఒక్కసారిగా పైకి లేచిందో చూసి ప్రతి దెబ్బనూ పట్టేస్తుంది. నిమిషానికి వంద లెక్కల పాటలో లెక్కకూ లెక్కకూ మధ్య 600 మిల్లీసెకన్లు ఉంటాయి. తెర మీద ఆ కొలతతో నిలువు గీతలుంటాయి. 20 మిల్లీసెకన్లు వెనకబడిన దెబ్బను కత్తిరించి గీత మీదికి జరపడమే దాని పని.

చెప్పినంత తేలిక కాదు. డ్రమ్ముల ముందు ఎనిమిదో పదో మైకులుంటాయి. స్నేర్ మీద పడిన దెబ్బ వాటన్నిటిలోనూ వినిపిస్తుంది. ఒక్క స్నేర్ ట్రాకునే జరిపితే మిగతా మైకుల్లో పాత దెబ్బ పాత చోటే ఉంటుంది. అప్పుడు ఒక్క దెబ్బ రెండుగానో, డొల్లగానో వినబడుతుంది. అందుకే అన్ని ట్రాకులనూ ఒకేచోట కోసి ఒకేసారి జరపాలి. మధ్యలో పడ్డ ఖాళీని ముందు ముక్కను సాగదీసి పూడ్చాలి. అతుకు తెలియకుండా రెంటినీ కలపాలి. మోగుతున్న సింబల్ మధ్యలో తెగిందా... దొరికిపోయినట్టే! 2007లో వచ్చిన 'ఎలాస్టిక్ ఆడియో' కోయకుండానే శబ్దాన్ని రబ్బరులా సాగదీస్తుంది. దాని మీద మరీ భారం వేస్తే దెబ్బలోని పదును పోతుంది.

ఈ పనిముట్లను తప్పుపట్టడానికి లేదు. పాటంతా ప్రాణం పెట్టి వాయించిన డ్రమ్మరు ఒక్కచోట తడబడితే, ఆ ఒక్క దెబ్బను సరిచేసి మిగతా పాటను కాపాడొచ్చు. నూటికి నూరుపాళ్లూ గీత మీదికి లాగాల్సిన పనీ లేదు. సగం దూరం జరిపి ఆపే వీలుంది. ఇబ్బందల్లా అన్ని దెబ్బలనూ కళ్లతో చూసి దిద్దడంలోనే. గీతకు అవతల పడిన ప్రతిదీ కంప్యూటరు కంటికి తప్పే. అది తడబాటో, కావాలని ఆగడమో దానికి తెలియదు. అలా దిద్దుకుంటూ పోతే ఎవరు వాయించినా ఒకేలా ఉంటుంది. ఇక డ్రమ్మరు ఎందుకు? అందుకే అనుభవమున్న ఇంజినీర్లు ముందు తెర వంక చూడకుండా పాటంతా వింటారు. చెవికి గుచ్చుకున్న చోటే చేయి పెడతారు.

కూలిన గోడలు... నిలిచిన దెబ్బ

1975 స్టాక్స్‌కు కలిసిరాలేదు. 39 ఏళ్ల ఆల్ జాక్సన్‌ను ఇంట్లోనే కాల్చి చంపారు. అదే ఏడాది చివర్లో కంపెనీ దివాలా తీసింది. 1989లో భవనాన్నీ కూలగొట్టారు. ఇప్పుడున్నది అదే స్థలంలో పాత రూపురేఖలతో కట్టి 2003లో తెరిచిన మ్యూజియం. కట్టినవాళ్లు కావాలనుకుంటే ఈసారి నేలను చదును చేయొచ్చు. చేయలేదు. స్టూడియో గదికి మళ్లీ ఆ వాలే పెట్టారు.

పక్కనే స్టాక్స్ మ్యూజిక్ అకాడమీ ఉంది. ఆల్ జాక్సన్‌ను చూడని తరం పిల్లలు అక్కడ సంగీతం నేర్చుకుంటున్నారు. ఆయన చేయి ఎంత ఆగిందో వాళ్లకు చెప్పడానికి మిగిలినవి ఆ రికార్డులే. వాటిని మాత్రం గీతల మీదికి లాగకూడదు!