పేరు వ్రాయని సీసా

ఈ సంవత్సరపు పత్రికకు విజ్ఞానశాస్త్రమును గూర్చి ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. గ్రహములను గూర్చియో విద్యుచ్ఛక్తిని గూర్చియో వ్రాసినచో మాకును సులభము, చదువరులకును ఇంపు. కాని త్వరలో ప్రయోగశాలలో అడుగుపెట్టబోవు పిల్లలను, మమ్ము నమ్మి వారిని పంపుచున్న తల్లిదండ్రులను తలచుకొనగా, పదునైదేండ్లుగా మాలోనే దాచుకొన్న ఒక సంగతిని చెప్పుట యుక్తమని తోచినది. అది మా తప్పిదమును గూర్చినది.

అప్పటికి మేము శిక్షణ కళాశాల విడిచి కొద్ది సంవత్సరములే అయినది. ఈ పట్టణమందే వేరొక పాఠశాలలో పనిచేయుచుంటిమి. పైతరగతుల ప్రయోగ పరీక్షలు సమీపించినవి. బ్యూరెట్ల లోపల జిడ్డు పట్టి, నీరు సాఫీగా జారక బొట్లు బొట్లుగా నిలుచుచుండెను. ఆ జిడ్డును పోగొట్టుటకు మేము నేర్చిన ఉపాయ మొకటి కలదు. పొటాసియం డైక్రోమేటు అను నారింజవన్నె లవణమును గాఢ గంధకామ్లముతో కలిపిన ద్రావణ మది. క్రోమిక్ ఆమ్ల ద్రావణ మందురు. దానిని చేయు కొలతల నిచ్చట వ్రాయము.

ఆ ద్రావణమునకు గాజునంటిన నూనె యేదో మనుష్యుని చర్మమేదో తెలియదు. కాగితము, గుడ్డ, బెండు, చర్మము, అన్నిటిని తినును. గంధకామ్లము నీటిని ఆత్రముగా పీల్చుకొని వేడెక్కును గనుక అది తగిలిన చోట కాలును. క్రోమియము చేయు కీడు వేరు. అది కాలిన చర్మముగుండ రక్తములో ప్రవేశించి మూత్రపిండములను చెరుపగలదు. దాని తుంపరను ఏండ్ల తరబడి పీల్చినవారికి ఊపిరితిత్తులలో పుట్టకురుపు కలుగుననియు శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి.

ఆమ్లమును నీటిలో మెల్లమెల్లగా పోయవలెనే గాని నీటిని ఆమ్లములో పోయరాదని ప్రతి విద్యార్థియు వల్లించును. కారణ మడిగిన చెప్పువారు తక్కువ. గాఢ గంధకామ్లము నీటికంటె 1.84 రెట్లు బరువైనది. పైనుండి పోసిన నీరు దానిమీద తేలి, పుట్టిన వేడికి అక్కడనే మరిగి, ఆమ్లముతో కూడ ముఖముమీదికి చిందును. మేము ఈ నియమమును తప్పలేదు. కళ్లజోడు పెట్టుకొంటిమి, రబ్బరు తొడుగులు వేసికొంటిమి, కిటికీలు తెరచితిమి. ద్రావణమును చేయుటలో లోపము లేదు. బ్యూరెట్లును అద్దమువలె మెరసెను.

లోపమంతయు మిగిలినదానిని దాచుటలో జరిగినది. గాజు బిరడా గల సీసా దొరకలేదు. శనివారము సాయంకాలము, ఇంటికి పోవు తొందర. మూల నున్న షర్బతు సీసాలో దానిని పోసి, బెండు బిరడా బిగించి, తొట్టిక్రింద పెట్టితిమి. చీటి సోమవారము అంటింపవచ్చునని అనుకొంటిమి.

ఆ ప్రయోగశాలకు ఏబది యేండ్ల అటెండ రొకరు ఉండిరి. పిల్లలందరు పెదనాన్న అని పిలుచుచుండిరి. సోమవారము ప్రార్థన ముగియులోపల ఆయన తొట్టిని శుభ్రపరచుచు, పిల్లలెవరో విడిచిన షర్బతు కాబోలునని ఆ సీసాను మెడ పట్టుకొని ఎత్తిరి. రెండు రాత్రులలో ద్రావణపు సెగకు బెండు పిండియై యుండెను. ఎడమ మణికట్టునుండి మోచేతివరకు ఆ ఎఱ్ఱని ద్రవము జారినది.

"సెయ్యి మండిపోతోంది మాస్టారూ!" అను కేక విని పరుగెత్తితిమి. పరుగెత్తి ఏమి చేసితిమి? ఆమ్లమునకు క్షారము విరుగుడని చదివినవారము గనుక, తినుసోడా డబ్బాకై బీరువా వెదకితిమి! మా వెనుక వచ్చిన పదవ తరగతి బాలుడు ముందు కొళాయి తిప్పెను. నీరు రాలేదు. ఈ ఊరి కొళాయిల వేళలు చదువరులకు తెలిసినవే. వాడు వరండాలోని మంచినీళ్ల డ్రమ్మువద్దకు ఆయనను లాగుకొనిపోయి, చెంబుతో ఎడతెగక పోయసాగెను. "నీళ్లు సార్, నీళ్లు! సోడా తరవాత!" అని మమ్మే గద్దించెను. అప్పుడు గదా మాకు బుద్ధి వచ్చి చొక్కా చేతిని కత్తిరించితిమి. ఆమ్లము పడిన వెంటనే, క్షణమైనను ఆగక, తడిసిన బట్టను తీసివేసి, కనీసము ఇరువది నిమిషములు ధారగా నీరు పోయవలెను. మేము వెదకుటలో పోగొట్టిన రెండు నిమిషముల గుర్తు ఆయన చేతిమీద నేటికిని కలదు.

ఆసుపత్రిలో వైద్యుడు గాయమును చూడకమునుపే, "ఏమి పడినది?" అని అడిగెను. క్రోమియ మని చెప్పగానే ఆయన ముఖము మారినది. రక్తమును మూత్రమును పరీక్షించుచు వారము దినములు అచ్చటనే ఉంచిరి. ఆనాడు మేము సెలవుమీద ఉండినచో, షర్బతు సీసాలోనిది ఏదో ఆ వైద్యునికి చెప్పగలవా రెవరు? ఈ ప్రశ్న మమ్ము చాల రాత్రులు నిద్రపోనీయలేదు. దైవకృపవలన మూత్రపిండములు చెడలేదు.

మన విశాఖపట్టణము ఆమ్లము లెరుగని ఊరు కాదు. ఓడరేవులో గంధకామ్లమును ఫాస్ఫారిక్ ఆమ్లమును ఓడలనుండి దింపుదురు. అవి ఎరువులకు ముడిసరుకులు. ఉక్కు కర్మాగారములో బొగ్గును కోకుగా మార్చునప్పుడు వెలువడు అమోనియాను గంధకామ్లముతో పట్టి అమోనియం సల్ఫేటు ఎరువు చేయుదురు. గాజువాక మార్గమున పోవు ట్యాంకరు లారీలను పిల్లలు ఈసారి గమనింతురు గాక. గంధకామ్లమైనచో 1830, ఫాస్ఫారిక్ ఆమ్లమైనచో 1805 అను అంకె పలకమీద ఉండును. ప్రక్కన వజ్రాకారపు గుర్తులో రెండు గొట్టములనుండి జారు చుక్కలు ఒకవైపు లోహమును, ఒకవైపు చేతిని తినుచున్నట్లు బొమ్మ యుండును. లారీ బోల్తాపడి డ్రైవరు మాటలాడలేని స్థితిలో నున్నను, అగ్నిమాపకదళమువారు ఆ అంకెను చూచి సంగతి తెలిసికొందురు. టన్నులకొలది ఆమ్లమును మోయు లారీకి పేరున్నది. మా అరసీసాకు లేకపోయినది.

2013 జులైలో సుప్రీంకోర్టు ఆమ్లముల అమ్మకమును కట్టుదిట్టము చేయుచు, పాఠశాలలకును కొన్ని విధులు ఏర్పరచినది. ఆమ్లము వాడకమునకు రిజిస్టరు ఉండవలెను, భద్రపరచుటకు ఒక వ్యక్తి బాధ్యుడు కావలెను. ఆ ఉత్తరువు స్త్రీలపై జరుగు ఆమ్ల దాడులను ఆపుటకు పుట్టినదైనను, మేము దానిని చదివినప్పుడు మాకు షర్బతు సీసాయే జ్ఞప్తికి వచ్చినది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్. ఆర్. వెంకటాపురములో స్టైరీను ఆవిరి వెలువడి పన్నెండుమంది మరణించిన దినమునను అంతే. అది వేరు పదార్థము, వేరు కొలత. ఐనను అదియు లాక్‌డౌనులో తొట్టిలో నిలువ యుండి వేడెక్కినదే.

మిగిలిన ద్రావణము నేమి చేసితిమని పిల్లలు అడుగవచ్చును. తొట్టిలో పారబోయలేదు. రసాయనశాస్త్ర మెరిగిన ఒక పెద్ద అధ్యాపకుని పిలిపించితిమి. ఆయన దానిని విస్తారమైన చల్లని నీటిలో కొంచెము కొంచెముగా కలిపి, అన్నభేది వేయగా, నారింజరంగు పోయి ఆకుపచ్చ యైనది. విషము తక్కువైన క్రోమియపు రంగు అది. పిమ్మట సోడాతో మడ్డిగా దించి, ఆరబెట్టి, పేరు వ్రాసి, ప్రమాదకర వ్యర్థములను స్వీకరించువారికి అప్పగించిరి. ఇది పిల్లలు చేయదగిన పని కాదు. ఆనాటినుండి మేము బ్యూరెట్లను సబ్బుపొడి కలిపిన గోరువెచ్చని నీటిలో రాత్రియంతయు నానబెట్టి తోముచున్నాము. కొంచె మాలస్యమగును, అంతే.

ఇక చెప్పవలసిన దొకటి మిగిలినది. ఆనాడు పెద్దలు విచారించినప్పుడు, "నానే సూసుకోకుండా ఎత్తీసినాను బాబూ" అని అటెండరే తప్పు తనమీద వేసికొనిరి. మేము ప్రక్కనే నిలిచియుంటిమి. నోరు తెరువలేదు. పుస్తకములో ఆయన అజాగ్రత్త యనియే వ్రాసిరి. ఆ వ్రాత తప్పు. సీసా మాది, బిరడా మాది, అంటింపని చీటి మాది.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఆయన యింటికి పోయి అనుమతి అడిగితిమి. ఆయన ఎడమచేతి మచ్చను తడుముకొని నవ్విరి. "ఇప్పుడెందుకు మాస్టారూ! రాస్తే రాయండి గానీ, ఆ నీలు పోసిన కుర్రోడి సంగతి కూడా రాయండి" అనిరి.