మళ్ళీ 'నేను' అని రాయడం

సి.కె.పల్లిలో బస్సు దిగినప్పుడు నా చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో బట్టలు, ఇంకోదాంట్లో ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మిగిలిన పాత పేపర్లు. "నలభై ఐదుకే రిటైరైతివా అల్లుడా?" అన్నాడు హోటల్ దగ్గరున్న పెద్దాయన. యాజమాన్యం మనుషుల్ని తగ్గించుకుంటుంటే లెక్క తీసుకుని బయటికొచ్చాను. అంతకుమించి చెప్పుకునేదేం లేదు.

నేను వెళ్ళేటప్పుడు చెన్నేకొత్తపల్లి అనంతపురం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. ఊరు ఉన్నచోటే ఉంది. చిరునామా మారింది.

చిన్నప్పుడు ఇంట్లో మా మాట దక్కనీ ఉర్దూ. గడప దాటితే తెలుగు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో బి.ఏ. చదివేటప్పుడు రోజూ డైరీ రాసేవాణ్ణి. 1991లో వచ్చిన ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' అప్పుడే నా చేతికందింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. మన బతుకు కూడా తెలుగులో కవిత్వమవుతుందా అని ఆశ్చర్యపోయాను. అమ్మీ మాటల్ని, నానీ తిట్లని తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. ఉద్యోగం రాగానే ఆ నోటు పుస్తకాలు ట్రంకు పెట్టెలోకి పోయాయి.

డెస్కులో ఉర్దూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. రంజాన్, బక్రీద్, మొహర్రం వార్తలన్నీ నాకే. 'ముస్లిం సోదరులు భక్తిశ్రద్ధలతో ప్రార్థనలు చేశారు.' ఏటా ఇదే వాక్యం. పొద్దున ఈద్గాలో నమాజు చదివి, సాయంత్రం డ్యూటీకెళ్ళి ఆ వాక్యం రాసేవాణ్ణి. ఆ వరసలో నేనూ నిలబడ్డానని చెప్పే చోటు అందులో లేదు. పెనుకొండ బాబయ్య ఉరుసు వచ్చినా, గూగూడు కుళ్లాయిస్వామి పీర్లు లేచినా 'మతసామరస్యానికి ప్రతీక'. పండగ నాలుగు రోజులూ మేం ప్రతీకలం. ఎక్కడైనా బాంబు పేలితే అనుమానితులం.

2007 మే 18న మక్కా మసీదులో పేలింది. చచ్చిందీ నమాజుకొచ్చినవాళ్ళే. తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ పాతబస్తీ కుర్రాళ్ళనే. పోలీసులు చెప్పిన మాటనే నేను హెడ్డింగు చేశాను. 'ఆరోపణ' అన్న మాట చేర్చాలని తెలుసు. చేరిస్తే నా పేరు చూసి పక్క సీటువాళ్ళు ఏమనుకుంటారో అని చేర్చలేదు. ఎవరూ నన్ను వద్దనలేదు. నాకు నేనే భయపడ్డాను. ఆ కుర్రాళ్ళలో చాలామంది నిర్దోషులుగా బయటికొచ్చారు. 2012లో ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది. నా హెడ్డింగు మాత్రం ఆ రోజు పేపర్లో అట్లాగే ఉంది. ఈ సంచిలోనే ఉంది.

ఊరికొచ్చిన వారానికి పెట్టె తెరిచి పాత నోటు పుస్తకాలు తీశాను. మళ్ళీ నాకోసం రాసుకుందామని కూర్చుని మా ఊరి ఈద్ గురించి ఒక పేజీ రాశాను. అమ్మీకి ఉర్దూ చదవడమొచ్చు, తెలుగు లిపి రాదు. అందుకని చదివి వినిపించాను. రాసేటప్పుడు గమనించలేదు గానీ, చదువుతుంటే తెలిసింది. మొదటి వాక్యంలోనే 'ముస్లిం సోదరులు' ఉన్నారు.

అమ్మీ అంతా విని, "సోదరులంటే భాయిలే కదరా. ఇస్మే మై కాఁ హూఁ?" అంది. ఇందులో నేనెక్కడున్నాను అని.

నా దగ్గర జవాబు లేదు. తెల్లారకముందే లేచి షీర్ ఖుర్మా కాచి, మా జుబ్బాలకు ఇస్త్రీ చేసి, అత్తరు పూసి ఈద్గాకు పంపేది అమ్మీ. ఆ ఈద్గా వరసలో అమ్మీ ఎప్పుడూ నిలబడలేదు. నా ఇరవై ఏళ్ళ వార్తల్లోనూ లేదు. పేపర్లో నాకు చోటు లేదని ఏడ్చినవాణ్ణి, నా సొంత పేజీలో అమ్మీకి చోటివ్వలేదు.

ఆ పేజీ చించేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పొయ్యి దగ్గర్నుంచి రాశాను. 'పాయసం' అని రాస్తే అమ్మీ ఒప్పుకోలేదు. "షీర్ ఖుర్మా అనే రాయి. తెలీనోళ్ళు అడుగుతారు. అడిగితే చెప్దాం" అంది.

రోజుకో పేజీ రాస్తున్నాను. రాత్రి అన్నాలయ్యాక చదివి వినిపిస్తున్నాను. పైన రాసిన మక్కా మసీదు సంగతి మాత్రం అమ్మీకి ఇంకా చదవలేదు. ఈ జుమ్మాకు చదవాలి.